ఎనిమిది చుక్కలు

మా రోజుల్లో షుగర్ అంటే రంగు. ‘ఎంతుంది?’ అని ఎవరూ అడిగేవారు కాదు, ‘ఏం రంగొచ్చింది?’ అనే అడిగేవారు. టెస్ట్ ట్యూబులో అయిదు మిల్లీలీటర్ల బెనెడిక్ట్ సొల్యూషన్ పోసి, ముందు దాన్నొక్కదాన్నే స్పిరిట్ దీపం మీద మరగబెట్టాలి. మరిగాక కూడా నీలంగానే ఉంటే మందు బాగున్నట్టు. అప్పుడు డ్రాపరుతో ఎనిమిది చుక్కల ఒంటేలు వేసి ఇంకో రెండు నిమిషాలు మరిగించాలి. ట్యూబు మూతి ఎవరి మొహం వైపూ పెట్టకూడదు, ఎప్పుడు చిమ్ముతుందో చెప్పలేం. చల్లారాక వెలుతురుకి పట్టుకుని చూడాలి. నీలం అలాగే ఉందా, షుగర్ లేదు. ఆకుపచ్చకి తిరిగితే ఒక ప్లస్. పసుపైతే రెండు, నారింజైతే మూడు. ఇటుక రంగులో అడుక్కి దిగితే నాలుగు ప్లస్సులు, వెంటనే వార్డులో సిస్టరుకి కబురు. ఆ రంగుని బట్టే డాక్టరుగారు ఇన్సులిన్ ఎన్ని యూనిట్లో రాసేవారు.

నేను చేసింది గోదావరి జిల్లాలో ఒక ప్రభుత్వాసుపత్రి ల్యాబులో. పొద్దున్నే బల్ల మీద సీసాలు బారులు తీరేవి. ల్యాబు ఇచ్చిన సీసాలనుకునేరు! బ్రాందీ క్వార్టర్ సీసాలు, దగ్గుమందు సీసాలు, తలనూనె సీసాలు. ఒకాయన తేనె సీసాలో పట్టుకొచ్చాడు. పరీక్ష చేస్తే ఎర్రగా దిగింది. మనిషిని చూస్తే నిక్షేపంగా ఉన్నాడు. దాహం లేదు, రాత్రిళ్ళు లేచేది లేదు, ఒళ్ళు తగ్గింది లేదు. ‘ఈ సీసా ఎక్కడిదండీ?’ అంటే, ‘మా ఆవిడ పొద్దున్నే ఖాళీ చేసిచ్చిందండి’ అన్నాడు. కడిగిన సీసా ఇచ్చి మళ్ళీ పోయించి చేస్తే శుభ్రంగా నీలం.

బాలింతల ఒంటేలుకీ రంగు తిరిగేది. అది పాలలో ఉండే చక్కెర, జబ్బు కాదు. విటమిన్ సి బిళ్ళలు గుప్పెళ్ళతో మింగేవాళ్ళకీ తిరిగేది. ఆ నీలం మందుకి గ్లూకోజ్ అంటే ఏమిటో తెలీదు మరి. అందులో ఉన్నది మైలుతుత్తం. రాగిని క్షయకరించే సరుకు ఏది తగిలినా రంగు మారుస్తుంది, అంతే. స్టాన్లీ బెనెడిక్ట్ అనే అమెరికా రసాయనవేత్త గత శతాబ్దం మొదటి పదేళ్ళలో దాన్ని తయారుచేశాడు. మేం 1970లలో కూడా దాన్నే కాచుకుంటున్నాం. అందుకని మా దగ్గరికొచ్చిన ప్రతివాళ్ళనీ పది ప్రశ్నలు అడిగితే గానీ వదిలేవాళ్ళం కాదు. ఏం తిన్నారు, ఎప్పుడు తిన్నారు, ఏం మందులు వాడుతున్నారు, ఈ ఒంటేలు ఎప్పటిది? రాత్రంతా మూత్రాశయంలో నిలవున్న ఒంటేలు పొద్దున్న తెస్తే అది నిన్నటి కబురే చెబుతుంది. అందుకే ఒకసారి పోసొచ్చి, అరగంట ఆగి, రెండోసారి పోసింది ఇమ్మనేవాళ్ళం. ఇది చెబితే ‘ఒకసారి పోస్తే సరిపోదా, మళ్ళీ నీళ్ళు తాగమంటావా?’ అని తిట్టినవాళ్ళున్నారు. తిట్లు పడేవాళ్ళం గానీ అడగడం మానలేదు.

ఇంకో పెద్ద లోపముంది. రక్తంలో గ్లూకోజ్ డెసీలీటరుకి ఇంచుమించు 180 మిల్లీగ్రాములు దాటేదాకా మూత్రపిండాలు దాన్ని బయటికి వదలవు. కొందరు పెద్దవాళ్ళలో ఇంకా పైకి పోతేగానీ వదలవు. అంటే నీలం వచ్చిందంటే రక్తంలో 90 ఉండొచ్చు, 170 ఉండొచ్చు, 40 కూడా ఉండొచ్చు. 40 ఉన్నవాడు చెమటలు పట్టి, మాట తడబడి పడిపోతాడు. మా ట్యూబు మాత్రం ‘షుగర్ లేదు’ అంటుంది.

ఇప్పుడొచ్చినవి మంచి కొలతలు, కాదని నేననను. మాది అధ్వాన్నమైన కొలత. కాకపోతే అదెక్కడెక్కడ అబద్ధమాడుతుందో మాకు కంఠతా వచ్చు. ఇప్పటి కొలత ఎక్కడ తప్పుతుందో అడిగే నాథుడు లేడు. నా ఏడుపంతా అదీ.

రక్తంలో షుగర్ చూడ్డం మాకు తెలీదని కాదు. తెలుసు, కానీ అదో తతంగం. నరంలోంచి రక్తం తియ్యాలి, సోడియం టంగ్‌స్టేటూ గంధకికామ్లమూ కలిపి మాంసకృత్తుల్ని విరగ్గొట్టాలి, వడకట్టాలి, వడకట్టిన తేటని రాగి ద్రావణంతో మరిగించాలి, ఫాస్ఫోమాలిబ్డిక్ ఆమ్లం పోస్తే వచ్చే నీలాన్ని కలరీమీటరులో చూడాలి. ఫోలిన్-వూ పద్ధతి అనేవారు. అదీ గ్లూకోజ్ ఒక్కదాన్నే చూసేది కాదు, అసలు కంటే ఇరవై ముప్పై ఎక్కువ చెప్పేది. తర్వాతెప్పుడో ఎంజైము పద్ధతి వచ్చింది. అది గ్లూకోజ్‌ని తప్ప ఇంకోదాన్ని ముట్టుకోదు. మారిన వారంలోనే ఊళ్ళో చాలామందికి షుగర్ తగ్గిపోయింది! ‘కొత్త బిళ్ళ భలే పనిచేస్తోందండీ’ అని మా ల్యాబు గుమ్మంలో నిలబడి డాక్టరుగారిని మెచ్చుకున్నారు. ఆయనా కాదనలేదు.

ఫోలిన్ పేరెత్తాను కాబట్టి మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి సంగతి చెప్పకుండా ఉండలేను. ఆరియోమైసిన్ అంటారు, ఫోలిక్ ఆమ్లం అంటారు, ఇప్పటి పిల్లలైతే అదీ అనరు. మా ల్యాబులో ఆయన పేరు ఒక కొలతకి ఉండేది. ఫోలిన్ అధిపతిగా ఉన్న హార్వర్డ్ జీవరసాయన విభాగంలోనే, సైరస్ ఫిస్క్‌తో కలిసి, రక్తంలో ఒంటేలులో భాస్వరం ఎంతుందో రంగుతో కొలిచే పద్ధతి కనిపెట్టి 1925లో అచ్చు వేశారు. ఫిస్క్-సుబ్బారావ్ పద్ధతి అని ప్రపంచంలో ప్రతి ల్యాబు పుస్తకంలోనూ రాసుకున్నారు. అసలు ముచ్చట ఆ తర్వాతది. కండరం రసం మీద ఆ పద్ధతి ప్రయోగిస్తే రంగు ఒక్కసారిగా రావలసింది పోయి, మెల్లగా, ఆలస్యంగా వచ్చింది. ఇప్పటి మిషనైతే ‘ఎర్రర్’ అని కొట్టి ఇంకో శాంపిల్ అడుగుతుంది, అక్కడి కుర్రాడు ఇంకోటి పెట్టేస్తాడు. వాళ్ళిద్దరూ మాత్రం ఎందుకు ఆలస్యమైందని కూచున్నారు. భాస్వరం అక్కడ విడిగా లేదనీ, తేలిగ్గా విడిపోయే ఇంకో పదార్థంలో చిక్కుకుని ఉందనీ, అది కొంచెం కొంచెంగా విడివడుతోందనీ తేల్చారు. అదే ఫాస్ఫోక్రియాటిన్, 1927లో ప్రకటించారు. ఇంకో రెండేళ్ళకి అదే విభాగంలోంచి ఏటీపీ సంగతి. కండరానికి బలం ఎక్కణ్ణుంచి వస్తుందనే లెక్కంతా దాంతో మారిపోయింది. కొలత తప్పిన చోట ఆగి చూసినవాళ్ళకి దొరికిన సరుకది.

షుగర్ జబ్బు రూపురేఖల్ని మార్చిన కొలత ఇంకోటుంది. మేం చదువుకునేటప్పుడు షుగరంటే ఇన్సులిన్ లేకపోవడం అనే చెప్పేవారు. ఇన్సులిన్ 1921లో టొరంటోలో దొరికింది, ఆ మరుసటేడే పిల్లల ప్రాణాలు నిలబెట్టింది, అంతవరకూ నిజమే. కానీ రక్తంలో ఇన్సులిన్ ఎంతుందో సరిగ్గా కొలిచే దారి లేదు. దొరికేది అంత సూక్ష్మంగా. న్యూయార్క్ బ్రాంక్స్‌లో, మాజీ సైనికుల ఆసుపత్రిలో, రోసలిన్ యాలో అనే భౌతికశాస్త్రవేత్తా, సోలమన్ బెర్సన్ అనే డాక్టరూ రేడియోధార్మిక అయొడిన్ తగిలించిన ఇన్సులిన్‌తో దాన్ని కొలిచి చూపించారు. తీరా చూస్తే నడివయసులో షుగరొచ్చిన చాలామంది రక్తంలో ఇన్సులిన్ దండిగా ఉంది, కొందరిలో మామూలు కంటే ఎక్కువే. ఉన్నా ఒళ్ళు దాని మాట వినడంలేదన్నమాట. దానికి ముందు వాళ్ళు రాసిన వ్యాసాన్ని పత్రికవాళ్ళు తిప్పికొట్టారు. ఆ ఉత్తరాన్ని ఆవిడ దాచుకుని, 1977లో నోబెల్ ఉపన్యాసంలో అందరికీ చూపించింది. నాకు ఆ ఒక్క పనికే ఆవిడంటే ప్రాణం.

ఇళ్ళలో చూసుకునే మీటరు సంగతికొస్తే, మొదట్లో దాన్ని డాక్టర్లకీ ఆసుపత్రులకీ తప్ప అమ్మేవారు కాదు. రిచర్డ్ బెర్న్‌స్టీన్ అని అమెరికాలో ఒక ఇంజనీరు, పన్నెండో ఏట నుంచీ షుగర్ రోగి. భార్య డాక్టరు కాబట్టి ఆవిడ పేరు మీద 1970 ప్రాంతంలో ఒకటి తెప్పించుకున్నాడు. రోజుకి అయిదారుసార్లు వేలు పొడుచుకుని, ఏం తింటే ఎంత పెరుగుతోందో, ఎన్ని యూనిట్లకి ఎంత తగ్గుతోందో పట్టిక కట్టాడు. ఆరోగ్యం తిరిగొచ్చింది. ఆ సంగతి చెబితే ఇంజనీరు మాట డాక్టర్లు వింటారా? వినలేదు. నలభై అయిదో ఏట వైద్యకళాశాలలో చేరి తనే డాక్టరయ్యాడు. ఇవాళ ఆ మీటరు కిరాణాకొట్లో కూడా దొరుకుతోంది. దొరికి ఏం లాభం! మొన్న వేసవిలో మా మేనల్లుడు ఫోను చేసి, ‘మావయ్యా, 310 చూపిస్తోంది, ఆసుపత్రికి వెళ్ళనా?’ అన్నాడు. ‘ఏం చేస్తున్నావురా?’ అంటే బంగినపల్లి కోస్తున్నాడట. ‘చెయ్యి కడుక్కుని ఇంకోసారి పొడు’ అన్నాను. 164. ‘అయితే ఈ ముక్క తినెయ్యొచ్చన్నమాట’ అన్నాడు. మిషను పెట్టెలో ముందు చేతులు కడుక్కోమని రాసిన కాగితం ఉంటుంది. దాన్ని విప్పినవాణ్ణి నేనింతవరకూ చూళ్ళేదు.

నోరారా మెచ్చుకునే కొలత ఒక్కటే ఉంది, మూడు నెలల షుగర్. ఊళ్ళోవాళ్ళు దాన్నలాగే అంటారు, ల్యాబు చీటీ మీద హెచ్‌బీఏ1సీ అని ఉంటుంది. టెహరాన్‌లో శామ్యూల్ రహబర్ అనే ఆయన వింత హిమోగ్లోబిన్ల కోసం రక్తాలు వడపోస్తూ, 1968లో షుగర్ రోగుల్లో ఒక రకం ఎక్కువగా ఉండడం గమనించాడు. గ్లూకోజ్ హిమోగ్లోబిన్‌కి అంటుకుని, ఆ ఎర్రకణం చచ్చేదాకా, అంటే దాదాపు 120 రోజులు, దాన్ని వదలదు. నిన్నా మొన్నా కడుపు మాడ్చుకున్నంత మాత్రాన అది పోదు.

దీని విలువ మా గుమ్మంలో కూచున్నవాళ్ళకే తెలుస్తుంది. రేపు పరీక్ష అంటే ఇవాళ ఏకాదశి చేసేవాళ్ళు మా దగ్గర ఎంతమందో! ఒక పెద్దాయన ఉండేవారు. నెలకోసారి పరగడుపున వచ్చి, పంచె సర్దుకుని బల్ల మీద కూచుని, ‘నీలమే కదా?’ అని ముందే అడిగేవారు. నీలమే వచ్చేది. బజార్లో మిఠాయికొట్టు దగ్గర మాత్రం ఆయన వారానికి నాలుగుసార్లు కనిపించేవారు. చివరికి కాలి బొటనవేలి పుండు మానక సర్జన్ దగ్గరికి పంపాల్సొచ్చింది. అప్పటికి ఈ పరీక్ష మా ఊరికి రాలేదు. వచ్చుంటే ఆ నీలం నాటకం మొదటి నెలలోనే బయటపడేది.

అంతకంటే పెద్ద సంగతి, షుగర్‌ని గట్టిగా అదుపులో పెడితే కళ్ళూ మూత్రపిండాలూ నిజంగా నిలబడతాయా అని డాక్టర్లు దశాబ్దాల పాటు కొట్టుకున్నారు. పెడతామంటే ఎంత పెట్టారో కొలవాలి కదా, ట్యూబు రంగుతో ఎలా కొలుస్తారు? ఈ కొలత చేతికొచ్చాకే అమెరికా, కెనడాల్లో ఇన్సులిన్ మీద బతికే 1,441 మందిని తీసుకుని, సగం మందికి మామూలు వైద్యం, సగం మందికి గట్టి అదుపు, ఏళ్ళ తరబడి చూశారు. 1993లో లెక్క తేలింది. అదుపులో ఉన్నవాళ్ళ సగటు 7 శాతం చుట్టూ, మిగతావాళ్ళది 9 చుట్టూ. ఆ రెండు శాతం తేడాకే కంటి జబ్బు కొత్తగా రావడం 76 శాతం తగ్గింది. మూత్రపిండాల దెబ్బ సగానికి పడింది, నరాల దెబ్బ 60 శాతం. షుగర్ బాగా పడిపోయి ఇంకొకరు లేపాల్సిన పరిస్థితి మాత్రం మూడింతలైంది. ఆ చివరి ముక్క ఎవరూ చెప్పరు, అందుకని నేను చెబుతున్నాను.

సరే, ఇంత మెచ్చుకున్నాను కదా అని ఊరుకుంటానా? మొన్న ఒకావిడ చీటీ పట్టుకొచ్చింది. మూడు నెలల షుగర్ 6.9, అక్షరాలా నక్షత్రం గుర్తు వేసి మరీ ఇచ్చారు. పరగడుపుది 96, తిన్నాక 128. ఈ మూడూ ఒకదానికొకటి పొసగవు. కంటి రెప్ప కిందికి లాగి చూస్తే తెల్లగా పాలిపోయింది. ‘హిమోగ్లోబిన్ చూశారామ్మా?’ అంటే ‘ఆ ప్యాకేజీలో లేదండీ’ అంది. ఇనుము తక్కువై రక్తహీనత వస్తే ఈ మూడు నెలల అంకె ఊరికే పైకి పోతుంది. ఎర్రకణాలు తొందరగా చచ్చేవాళ్ళలో, రక్తం పోయినవాళ్ళలో ఊరికే కిందికి దిగుతుంది. మన ఏజెన్సీ ప్రాంతాల్లో కొడవలి కణాల జబ్బుంది. అక్కడ ఈ అంకెనొక్కదాన్నీ పట్టుకుని వైద్యం చేస్తే ఏమవుతుందో వేరే చెప్పాలా? ఆడవాళ్ళలో సగానికి సగం రక్తహీనత ఉన్న దేశంలో ఈ రెండు పరీక్షలూ కలిపి చేయాలని ప్యాకేజీ కట్టినవాడికి తట్టలేదు. విటమిన్ పరీక్షలు మాత్రం నాలుగు కుక్కాడు.

అంకెల గీతలు జరపడం గురించి కూడా కాస్త అరుచుకోనివ్వండి. మా రోజుల్లో పరగడుపున 140 వస్తే షుగర్. 1997లో అమెరికా డయాబెటిస్ సంఘంవాళ్ళు దాన్ని 126 చేశారు. రాత్రి పడుకున్నప్పుడు ఆరోగ్యవంతుడు, పొద్దున్నే లేచేసరికి రోగి! 2003లో ‘ముందస్తు షుగర్’ గీతని 110 నుంచి 100కి లాగారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇప్పటికీ 110 దగ్గరే కూచుంది. ఒకే మనిషి ఒక లెక్కలో బాగున్నట్టు, ఇంకో లెక్కలో గుమ్మంలో ఉన్నట్టు. 126 ఊరికే పెట్టలేదు, ఒప్పుకుంటాను. కంటి వెనకపొర చెడడం ఏ అంకె దగ్గర జోరందుకుంటోందో వేలమందిని చూసి పెట్టారు. కానీ ఆ సంగతి రోగికి చెప్పేవాడేడీ? 2023లో అచ్చైన ఐసీఎంఆర్ సర్వే ప్రకారం మన దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగరుంది, ఇంకో 13 కోట్ల మందికి పైగా గుమ్మంలో ఉన్నారు. అంతమందికీ చీటీ మీద నక్షత్రం గీసి చేతిలో పెడితే, సగం మంది భయంతో, సగం మంది నిర్లక్ష్యంతో పోతారు.

ఇక ఇప్పుడు జబ్బకి అంటించుకునే బిళ్ళ. సన్నటి తీగ చర్మం కిందికి పోయి అయిదేసి నిమిషాలకో, ఇంకా తరచుగానో షుగర్ చదివి ఫోనుకి పంపుతుంది. మా పక్కింటి రిటైర్డ్ లెక్కల మేస్టారికి అమెరికాలో ఉన్న కొడుకు పంపాడు. ఒకరోజు అర్ధరాత్రి ఆ ఇంట్లో ఒకటే కేకలు. ఫోను గంట కొట్టింది, 54 అని చూపించింది, మేస్టారి భార్య నిద్రలో ఉన్న మనిషి నోట్లో పంచదార నీళ్ళు పోసేసింది. ఆయన ఉక్కిరిబిక్కిరై లేచి కూచున్నారు. నేను వెళ్ళేసరికి చెమట లేదు, వణుకు లేదు, కోపం మాత్రం బాగా ఉంది. వేలు పొడిస్తే 118. ‘ఏ పక్క పడుకున్నారు మేస్టారూ?’ అన్నాను. బిళ్ళ ఉన్న పక్కే. ఆ చెయ్యి కింద పడి నొక్కుకుంటే అక్కడ అంకె దొంగగా పడిపోతుంది. అదీగాక అది చదివేది రక్తాన్ని కాదు, కణాల మధ్య ఊటని. రక్తంలో మార్పు అక్కడికి చేరడానికి పది నిమిషాలు అటూ ఇటూ పడుతుంది. ఈ రెండు ముక్కలూ ఆ కొడుక్కి ఎవరూ చెప్పలేదు, కొడుకు తండ్రికి చెప్పలేదు. ‘మెషీన్ తప్పు చెబుతుందటయ్యా?’ అన్నారు మేస్టారు, లెక్క తప్పిన కుర్రాణ్ణి చూసినట్టు నన్ను చూస్తూ.

అయినా ఆ బిళ్ళ మా రోజుల్లో ఉంటే ఎన్ని ఇళ్ళు బాగుపడేవో. చిన్నతనంలోనే షుగరొచ్చిన పిల్లలుండేవారు. రాత్రి ఇన్సులిన్ ఇచ్చిన తల్లి తెల్లవార్లూ పిల్లాడి నుదురు తడుముతూ కూచునేది, చెమట పడుతుందేమోనని. మా నీలం ట్యూబు ఆమెకి ఒక్క ముక్క సాయం చెయ్యలేదు. పడిపోయే షుగర్‌ని చూడ్డం దాని వల్ల కాదు కదా. ఇప్పుడు మా వీధిలో అలాంటి పాపే ఉంది, ఏడో తరగతి. బడికి వెళ్ళేముందు, భోజనానికి ముందు, పడుకునేముందు వేలు పొడుస్తారు, ఆ వేళ్ళ చివర్లు గరుకెక్కిపోయాయి. బిళ్ళ పెట్టించుకోవచ్చు కదమ్మా అంటే, 14 రోజులకొకటి, ఒక్కోటి వేలల్లో, కుట్టుమిషను మీద ఎక్కణ్ణుంచి తెస్తాం బాబయ్యా అంది వాళ్ళమ్మ. అడిగిన ఆఫీసులన్నీ అడిగింది, కాగితాలు పెట్టింది, ఇంకా జవాబు లేదు.

అదే వీధిలో ఒక సాఫ్ట్‌వేర్ కుర్రాడున్నాడు, హైదరాబాదులో ఉద్యోగం, ఇంటి నుంచే పని. గుండులా ఉన్నాడు, షుగర్ లేదు, వాళ్ళ వంశంలోనే లేదు. జబ్బకి బిళ్ళ! ‘నీకెందుకురా?’ అంటే ‘డేటా కోసం తాతగారూ’ అన్నాడు. 14 రోజులూ ఫోను చూసుకుంటూ తిని, చివరికి ఇడ్లీ తింటే షుగర్ పెరుగుతుందనీ, తిన్నాక నాలుగడుగులు వేస్తే తగ్గుతుందనీ కనిపెట్టాడు. వాళ్ళ నాయనమ్మనడిగితే డబ్బులు తీసుకోకుండా చెప్పేది.